ఇంజన్ దించాల్సిందే

ఆ సోమవారం పొద్దున ఓంకార్ పెట్టుకున్న పని ఒక్కటే. ఆఫీసుకు వెళ్లేలోగా కారు కడగడం. వచ్చే ఆదివారం సదాశివపేటలో మరదలి నిశ్చితార్థం. నలుగురిలోకి వెళ్లే బండి కాస్త మెరవాలి కదా అని బకెట్టు, గుడ్డ పట్టుకుని సెల్లార్‌లోకి దిగాడు. ముందు చక్రాల మధ్య నేల మీద అరచేతంత నల్లటి మరక కనిపించింది. వేలితో రాసి వాసన చూశాడు. ఇంజన్ ఆయిల్. బకెట్టు అక్కడే వదిలేసి పైకొచ్చేశాడు.

కాగితాల మీద ఎవరి పేరున్నా ఆ కారు అతని తండ్రి సాయిలుది. గచ్చిబౌలిలో అద్దాల మేడలు లేస్తున్న రోజుల్లో సాయిలు దాన్ని కిరాయికి తిప్పి కొడుకును చదివించాడు. ఇప్పుడు కోకాపేటలో కొడుకు ఫ్లాట్‌లో ఉంటూ, రోజూ సాయంత్రం సెల్లార్‌కు దిగి, ఇంజన్ స్టార్ట్ చేసి, స్టీరింగ్ ముందు కాసేపు కూర్చుని వస్తాడు. ఎక్కడికీ పోడు, ఊరికే కూర్చుంటాడు. ఆయిల్ మట్టం చూసే పుల్ల ఎప్పుడో విరిగిపోతే కొత్తది కొననివ్వలేదు. చప్పుడు విని లోపల ఎంత ఆయిల్ ఉందో చెప్పగలనని ఆయన ధీమా. ఈమధ్య ఆయనకు చెవులు సరిగా వినిపించడం లేదన్న సంగతి ఎవరికీ తట్టలేదు.

కోడలు అనూషకు ఆ కారంటే ఒళ్లుమంట అని ఇంట్లో అందరి నమ్మకం. మరక సంగతి చెప్పగానే ఆమె దోశ తిప్పుతూనే తీర్పు చెప్పేసింది.

"చిన్న రిపేరైతే చేయించు ఓంకార్. ఇంజన్ దించాలన్నరనుకో, బండి మళ్ల ఇంటికి రావొద్దు. అటే తుక్కుకు ఇచ్చెయ్."

"ఇంత ఆయిల్ కారితే ఇంజన్ ఎవరన్న దించుతరా?" అన్నాడు ఓంకార్.

పక్క గదిలో సాయిలు దగ్గాడు. కొన్ని మాటలు మాత్రం ఆ చెవులకు బాగానే వినిపిస్తాయి.

ఓంకార్ ఆ క్షణమే నిశ్చయించుకున్నాడు. ఇంజన్ దించనివ్వకూడదు, నాన్నకు ఆ సీటు పోకూడదు. అతను ఒక కంపెనీలో సర్వర్లు ఆగకుండా చూసే బృందానికి పెద్ద. అక్కడి మొదటి నియమం, కారణం తర్వాత వెతకొచ్చు, ముందు పని ఆగకూడదు అని. అదే ఇక్కడా అమలు చేశాడు. కారినంత పోస్తే సరి. ఓ డబ్బా కొని డిక్కీలో దాచి, మరక సైజును బట్టి ఒక గ్లాసు పోసి, కాలర్ సర్దుకుని ఆఫీసు బస్సెక్కాడు.

మర్నాటికి మరక పళ్లెమంత అయింది. ఓంకార్ బెదరలేదు, రెండు గ్లాసులు పోశాడు. ఆ మర్నాటికి చేటంత అయింది. అపార్ట్‌మెంట్ సెక్రటరీ వసంత దాన్ని ఫొటో తీసి, "ఇది ఎవరి వాహనం అండి?" అని వాట్సాప్ గ్రూపులో పెట్టింది. ఎవరిదో ఆవిడకు తెలుసు. గ్రూపులో ఉన్నవాళ్లందరికీ తెలుసు. అయినా పొద్దుగూకేదాకా ప్రశ్న అలా వేలాడుతూనే ఉంది. గురువారం ఒక డెలివరీ బండి ఆ నూనెలో జర్రున జారి, ఎవరి ఇంటికో వెళ్లాల్సిన బిర్యానీ నేలపాలైంది. అప్పుడు వసంతే స్వయంగా తలుపు కొట్టింది.

"ఓంకార్ గారూ, సోమవారానికల్లా లీకన్నా ఆగాలి, కారన్నా బయటికి వెళ్లాలండి. బిర్యానీ వాళ్లు చాలా బాధపడుతున్నారు."

మర్నాడు ఓంకార్ ఆఫీసులో పొద్దుటి మీటింగులో ఈ సమస్యనే ముందు పెట్టాడు. సర్వర్ల సంగతి పక్కనబెట్టి ఇంజన్ దించాలా వద్దా అని అందరూ వాదించుకున్నారు. చివరికి చేతులెత్తమంటే దించాలన్నవాళ్లే గెలిచారు. సైకిల్ కూడా తొక్కడం రాని నీహారిక అందరికంటే ముందు చెయ్యెత్తింది. ఓంకార్ ఆ తీర్మానాన్ని ఒప్పుకోలేదు. ఇంటికొచ్చి మరో గ్లాసు పోశాడు.

శనివారం ఇక తప్పలేదు. బాలానగర్‌లో మెకానిక్ స్వామి షెడ్డుకు ముగ్గురూ వెళ్లారు. సాయిలు ఉతికిన చొక్కా వేసుకుని, దవాఖానకు మనిషిని తీసుకొచ్చినట్టు వెనక సీట్లో కూర్చున్నాడు. తీర్పు అమలవుతుందో లేదో చూడ్డానికే అనూష వచ్చిందని ఓంకార్ అనుకున్నాడు.

స్వామి కారు కిందికి దూరి, లైటు వేసి చూసి, బయటికొచ్చి చేతులు తుడుచుకున్నాడు.

"ఇంజన్ వెనక సీల్ పోయింది సార్. నూనె అంత వెనక నుంచే కారుతుంది. ఇంజన్ దించాల్సిందే."

"వేరే తొవ్వ లేదా?"

"లేదు సార్. ఆయిల్ తక్కువ కాకుండనన్న చూసుకున్నరా?"

"దానికి ఫికర్ లేదు. రోజూ నేనే పోస్తున్న," అన్నాడు ఓంకార్, మెచ్చుకుంటాడేమోనని చూస్తూ.

సాయిలు బానెట్ మీద చెయ్యి వేసి నిమిరాడు. "పోనీ బిడ్డా. దానికి గూడ వయసైంది," అన్నాడు.

ఓంకార్ కూడా బానెట్ మీద చెయ్యి వేశాడు. భార్య వైపు తిరిగి, పెళ్లయ్యాక ఎన్నడూ వాడని గొంతుతో అన్నాడు. "దించుతం. దించినా బండి ఇంటికే వస్తది. ఎవరేమన్నా సరే."

అనూష స్వామి వైపు తిరిగి, కానివ్వమన్నట్టు తలూపింది. అది ఓంకార్‌ను ఇంకా భయపెట్టింది.

ఇంజన్ దించేముందు పాత ఆయిల్ తీసేయాలి. స్వామి కింద ఒక పళ్లెం పెట్టి బోల్టు విప్పాడు. పళ్లెం నిండింది. బేసిన్ పెట్టాడు. అదీ నిండింది. అటూ ఇటూ చూసి, పక్కన నీళ్ల బకెట్టు ఒంపేసి దాన్ని జరిపాడు. ధార సన్నబడే సూచన లేదు.

"ఏంది సార్ ఇది?" అన్నాడు స్వామి. "ఇంజనా, గానుగనా? అసలు ఎంత పోసిండ్రు?"

"పొద్దున పూట రెండు గ్లాసులు. మొన్న మూడు," అన్నాడు ఓంకార్.

సాయిలు దగ్గాడు. "పొద్దుమీకి నేను గూడ జరంత పోసిన. పంపు రూములో డబ్బా దాచిన. ఆయిల్ తక్కువైతే ఇంజన్ దించుతరని..."

స్వామి బకెట్టులోకి తొంగి చూశాడు. "ఇద్దరు పోసినా ఇంత గాదు."

అనూష ఫోన్ తీసి ఎంతో శ్రద్ధగా చూడసాగింది. స్క్రీన్ నల్లగానే ఉంది.

"అనూషా?"

"ఆఫీసు నుంచి వచ్చేటప్పుడు రోజూ కొంచెం పోసిన," అంది ఆమె తలెత్తకుండా. "బండి పోతే మామయ్య యాడ కూసుంటడు?"

సాయిలు అటు తిరిగి కళ్లు తుడుచుకున్నాడు. ఓంకార్‌కు ఆమెను అక్కడే, ఆ గ్రీజు నేల మీదే దగ్గరికి తీసుకోవాలనిపించింది. స్వామి ఉండడంతో ఊరుకున్నాడు.

స్వామి విప్పిన బోల్టును వెలుతురులో తిప్పి చూసి నాలుక కరుచుకున్నాడు. దాని వాషర్ అరిగిపోయి ఉంది. మొదట చుక్కచుక్కగా కారింది అక్కడి నుంచే. ఆ తర్వాత ఆయిల్ పట్టక పై గొట్టంలోంచి పొంగి, ఇంజన్ వెనక నుంచి కారింది. "సీల్ మంచిగనే ఉంది. నేను తొందరపడ్డ," అని ఒప్పుకున్నాడు. "మొదటి మరక ఈ వాషర్‌ది సార్. మిగిలినయన్నీ మీ ముగ్గురివి."

కొత్త వాషర్ వేసి, ఆయిల్ సరిపడా పోసి, సాయిలు వద్దంటున్నా వినకుండా కొత్త పుల్ల కూడా పెట్టి పంపాడు. మర్నాడు కారు సదాశివపేటకు వెళ్లింది, తిరిగొచ్చింది. వెళ్లేటప్పుడు ముందు సీటు మామయ్యకు ఇచ్చి అనూష వెనక కూర్చుంది.

సోమవారం పొద్దున నేల పొడిగా ఉంది. మంగళవారమూ పొడిగానే ఉంది. ఆ సాయంత్రం సాయిలు సెల్లార్ నుంచి ముఖం వేలాడేసుకుని వచ్చాడు.

"ఒక్క చుక్క గూడ పడుతలేదు బిడ్డా. పుల్ల ఉన్నదంటది గని, పుల్లను ఎట్ల నమ్ముతం? లోపల అసలు ఆయిల్ ఉన్నదంటవా?"

ఓంకార్ మెల్లగా చెప్పుల వైపు నడిచాడు.

అనూష లేచి, శనివారమే పైకి తెచ్చి చెప్పుల పక్కన పెట్టిన మూడు ఆయిల్ డబ్బాలనూ బీరువాలో నగల పక్కన పెట్టి తాళం వేసింది.