ఏ లిఫ్టుకైనా గ్రాఫే శ్రీరామరక్ష

కళ్ళతో చూసింది నమ్మే రోజులు పోయాయి. ఇక మీదట గ్రాఫ్‌లో గీసిందే నిజం! అది మన అదృష్టమని నేను గుండెమీద చెయ్యేసుకుని చెబుతాను.

మా బిల్డింగు లిఫ్టునే తీసుకోండి. ఆగాల్సిన చోట ఆగి చావదు. జానెడు పైకి పోతుంది, నాలుక కరుచుకుని బెత్తెడు కిందికి దిగుతుంది, మళ్ళీ ఎగురుతుంది. తలుపు తెరుచుకునేసరికి గడప ఎక్కడో, మన కాలు ఎక్కడో!

ఆరో అంతస్తులో మా పిన్ని ఉంటుంది. కింద వీధిలోనే ఆవిడ హెయిర్ సెలూన్. మోకాలి ఆపరేషన్ అయ్యాక మెట్లు దిగలేదు, ఈ లిఫ్టు ఎక్కే ధైర్యం లేదు. సెలూన్‌కి తాళం. వీధిలో సగంమంది జుట్టు కళ్ళలో పడుతోంది.

కంప్లయింట్ ఇస్తే లిఫ్టు కంపెనీ ఇంజనీరు వచ్చాడు. చేతిలో స్పానర్ అనుకున్నారా? లాప్‌టాప్! పిన్ని ముందుగదిలో కూర్చుని బోడె ప్లాట్ అనే గ్రాఫ్ తెరిచాడు. కుదుపు ఎంత వేగంగా వస్తే లిఫ్టు ఎంత ఊగుతుందో పై గీత చెబుతుందట. ఎంత ఆలస్యంగా స్పందిస్తుందో కింది గీత చెబుతుందట.

పైగా లాగ్ స్కేలు! అందులో ఒకటికీ పదికీ ఎంత దూరమో, పదికీ వందకీ అంతే దూరం. ఆ లెక్కన ఏనుగు బరువుకీ నా బరువుకీ మధ్య రెండు గళ్ళ తేడా కూడా లేదు. మా ఆవిడ ఇన్నాళ్ళూ నా బొజ్జను మామూలు స్కేలు మీద చూసి నానా మాటలూ అంటోంది, పాపం!

"చూడండమ్మా, గీత ఎక్కడా హద్దు దాటలేదు. మీ లిఫ్టు భేషుగ్గా ఉంది," అన్నాడు ఇంజనీరు.

"మరి అలా ఊగి చస్తోందేం బాబూ?" అంది పిన్ని.

"అది మీకలా అనిపిస్తోందండీ."

విన్నారా! బిల్డింగ్ ప్రెసిడెంటు ఆహా అని తల ఊపాడు. నేనూ ఊపాను. అర్థం కాలేదని ఒప్పుకోవడానికి మాకేమైనా పిచ్చా?

పిన్ని మాత్రం కళ్ళజోడు పెట్టుకుని, పెళ్ళి ఫోటోలో తనను వెతుక్కుంటున్నట్టు స్క్రీన్ మీదికి వంగింది. "ఇందులో నేనెక్కడున్నాను నాయనా?"

"మీరు లేరండీ. ఇది ఖాళీ లిఫ్టుకి తీసింది. మనుషులెక్కితే బరువు మారిపోయి గ్రాఫ్ పాడవుతుంది."

"మనుషులెక్కకపోతే అది లిఫ్టెందుకయిందిరా, నీ తెలివి తగలెయ్య!"

ఆడవాళ్ళకి సైన్సు పట్టదని ప్రెసిడెంటు సర్దిచెప్పాడు. మేమంతా కలిసి చక్కటి తీర్మానం చేశాం: గ్రాఫ్‌కి భంగం కలగకుండా లిఫ్టును ఖాళీగానే తిప్పాలి. ఇప్పుడది పొద్దస్తమానం పైకీ కిందికీ వెన్నలా జారుతోంది, ప్రతి అంతస్తులోనూ గడపకి సరిగ్గా ఆగుతోంది. కంపెనీవాళ్ళు మాకు సర్టిఫికెట్ కూడా ఇచ్చారు.

పిన్ని ఆరో అంతస్తులోనే ఉంది.