నలభై మూడు ఫోటోలు

ఆడా మగా సమానం కావడానికి ఇక నలభై ఐదు రోజులే గడువని మంత్రిగారు అద్దంకి సభలో ప్రకటించారు. ఇన్ని వేల ఏళ్ళుగా పెండింగులో ఉన్న పని కాబట్టి రెండ్రోజులు అటూ ఇటూ అయినా సర్దుకుంటామని, అంతకు మించితే మాత్రం ఊరుకోబోమని అధికారులను వేదిక మీదే హెచ్చరించారు. వేదిక మీద ఇరవై రెండు కుర్చీలున్నాయి. ఇరవై ఒక్కదాంట్లో మగవాళ్ళు కూర్చున్నారు. ఇరవై రెండోది మహిళలకు కేటాయించారు కాబట్టి దాని మీద శాలువాలు పెట్టారు.

"సమానత్వం ప్రభుత్వం ఒక్కటే తెస్తే వచ్చేది కాదు. ప్రతి మగాడూ తన ఇంట్లోంచి మొదలుపెట్టాలి!" అన్నారు మంత్రిగారు. అందుకే 'సరిసమానం' యాప్ తెచ్చారు. రోజూ ఉదయం ఆరుకీ ఏడుకీ మధ్య మగవాడు ఒక ఇంటి పని చేస్తూ ఫోటో దిగి అందులో పెట్టాలి. ఫోటోకి పది పాయింట్లు. ఫ్రేములో ఆడమనిషి కనపడితే పని ఆవిడే చేసినట్టు లెక్క, పాయింట్లు రావు. జిల్లాలో మొదట వచ్చినవారికి 'సమానత్వ రత్న' బిరుదు. వాళ్ళ పేరు మార్కెట్ కమిటీ ఛైర్మన్ పదవికి పరిశీలిస్తామన్న మాట మంత్రిగారు మైకుకి చెయ్యి అడ్డం పెట్టి చెప్పారు. దాంతో అది చివరి వరస వరకూ స్పష్టంగా వినపడింది.

కొంగలవారిపాలెం పార్టీ కన్వీనరు యలమందయ్యగారికి స్త్రీజాతి కష్టాలు సరిగ్గా ఆ క్షణంలో అర్థమయ్యాయి. పెళ్ళయిన ఇరవై ఆరేళ్ళలో ఎన్నడూ తట్టని సంగతి అలా ఒక్కసారిగా తట్టేసరికి ఆయన కళ్ళు చెమర్చాయి. పక్కవాడి కండువాతో తుడుచుకున్నారు.

మర్నాడు తెల్లవారకముందే భార్య కోటిరత్నాన్ని లేపారు.

"లేవే. ఇంటి పని చెయ్యాలి."

"రోజూ నేను లేచేది అందుకేగా?" అంది ఆవిడ.

"నువ్వు కాదే, నేను! వంటిల్లు ఎటు?"

వంటిల్లు దొరికింది. వంకాయలు తరుగుతానన్నారు. కత్తిపీట మీద ఎటు కూర్చోవాలో తెలియక ఎదురుగా కూర్చుంటే కోటిరత్నం తిప్పి కూర్చోబెట్టింది. వేలు తెగకుండా ఎలా పట్టుకోవాలో చూపిస్తూ, రెండో చేత్తో ఫోటో తీసింది. యాప్ దాన్ని వెంటనే తిప్పికొట్టింది. ఫ్రేము అంచున ఆకుపచ్చ గాజులున్న చెయ్యి పడింది.

"చెయ్యి తీసెయ్యి. సమానత్వానికి అడ్డం పడకు" అన్నారాయన.

రెండోసారి చెయ్యి తీసింది. పది పాయింట్లు వచ్చాయి. ఆ సంతోషంలో ఆయన మళ్ళీ పడుకున్నారు. వంకాయలు ఆవిడ తరిగింది.

అప్పట్నుంచి ఆ ఇంట్లో సమానత్వం పెరిగిన కొద్దీ కోటిరత్నం ముందుగా లేవాల్సి వచ్చింది. ఐదుకి లేచే మనిషి నాలుగుకి లేచేది. ఆయన పిండి కలపాలంటే ముందు పిండి కలిపి ఉంచాలి. ఆయన అంట్లు తోమాలంటే ముందే తోమిన గిన్నెలకి మళ్ళీ మసి పుయ్యాలి. ఒకరోజు బట్టలు ఆరేస్తుంటే వెలుతురు చాల్లేదని, ఆరిన బట్టలు మళ్ళీ తడిపించి రెండుసార్లు ఆరేశారు. స్త్రీల కోసం ఇంత శ్రమపడ్డ మగాడు ఆ చుట్టుపక్కల మరొకడు లేడని ఆయనే చెప్పేవారు.

మూడో వారానికి ఆయన పేరు మారుమోగిపోయింది. ఆ వంటింటి కిటికీలోంచి వెలుతురు బాగా పడుతుందని పార్టీ వాళ్ళు పదకొండు మంది రోజూ పొద్దున్నే వచ్చి వరసగా నిలబడి ఒకే గరిటెతో ఒకే పప్పు కలిపి ఫోటోలు దిగేవాళ్ళు. పదకొండు మందికీ కోటిరత్నం టీ పెట్టేది.

"వదినగారు అదృష్టవంతురాలు. మా ఇంట్లో వంటిల్లు ఎక్కడుందో ఇంకా వెతుకుతున్నా" అన్నాడు వాళ్ళలో ఒకడైన నాగేంద్రబాబు, ఖాళీ టీ గ్లాసు ఆవిడ చేతికిస్తూ.

నలభయ్యో రోజున కోటిరత్నానికి ఒక ఉత్తరం వచ్చింది. గుంటూరులో పొలాలకి మందు కొట్టే డ్రోన్ మీద పదిహేను రోజుల శిక్షణ. మండలానికి ఒక్క సీటు, అదీ గృహిణులకే. ఆవిడ డ్వాక్రా సంఘం నుంచి పరీక్ష రాసిన వాళ్ళలో గట్టెక్కింది ఈవిడే. శిక్షణ పూర్తి చేస్తే సంఘానికి డ్రోన్ ఇస్తారు. యలమందయ్యగారు ప్రజాసేవలో ఉన్నందువల్ల వాళ్ళ మూడెకరాల మిరపకి నల్ల తామర పురుగు మందు ఏడేళ్ళుగా ఆవిడే కొడుతోంది. మందు కొట్టిన రెండ్రోజులు దగ్గుతుంది, తగ్గేసరికి మళ్ళీ కొట్టే రోజు వస్తుంది. వీపు మీద పంపు దించే రోజు కోసం ఆవిడ ఎంత ఎదురుచూసిందో ఆ ఉత్తరాన్ని బియ్యం డబ్బాలో భద్రంగా దాచుకోవడం చూస్తే ఎవరికైనా తెలిసేది. ఎవరూ చూడలేదు.

"సోమవారం వెళ్ళాలి" అంది.

యలమందయ్యగారు అదిరిపడ్డారు. "సోమవారమా? ఆ రోజు మంత్రిగారు లైవ్‌లో మన వంటిల్లు చూస్తారే! నువ్వు గుంటూరు పోతే ఇక్కడ సమానత్వం ఏమైపోవాలి?"

"పదిహేను రోజులు నిజంగానే వండుకోండి."

ఎంత ఉద్యమంలో ఉన్నా ఆడవాళ్ళ స్వార్థం ఆడవాళ్ళదేనని ఆయనకి మనసు విరిగింది. కానీ పట్టు వదిలే రకం కాదు ఆవిడ. శుక్రవారానికే సంచీ సర్దుకుని గుమ్మం పక్కన పెట్టుకుంది.

శనివారం గ్రామ సచివాలయం నుంచి జెస్సీ వచ్చింది. ఆ ఊళ్ళో యాప్ చూసే ఉద్యోగిని ఆ అమ్మాయే. మొహం వేలాడేసుకుని వచ్చింది.

"సార్, జిల్లాలో మీరే ఫస్టు. నలభై మూడు రోజులు, నలభై మూడు ఫోటోలు."

యలమందయ్యగారు కండువా సర్దుకున్నారు.

"కాకపోతే సార్, నలభై మూడు రోజులూ ఆ ఇంట్లో మీరు తప్ప ఎవరూ కనపడలేదని కోటిరత్నం అక్క పేరు ఇక్కడ నివాసం లేనట్టు సిస్టమ్ తీసేసింది. ఇంటి పని చేసేవాళ్ళ పేరు గృహిణి కాలమ్‌లోకి దానంతటదే వెళ్ళిపోద్ది. అందుకని డ్రోన్ సీటు కూడా మీ పేరుకి మారిపోయింది."

"నేనిక్కడే నిలబడున్నా గదమ్మా" అంది కోటిరత్నం.

"నాకు కనపడుతున్నావక్కా. దానికి కనపడట్లేదు. నువ్వు వంటింట్లో ఉన్న ఫోటో ఒక్కటున్నా సోమవారం పదింటిలోపు సరిచేస్తా."

ఆవిడ భర్త వైపు తిరిగింది. "మొదటి రోజు నా చెయ్యి పడింది గదా. అది మీ ఫోన్లోనే ఉంది."

ఉంది. ఆకుపచ్చ గాజులతో సహా ఉంది. అది బయటపెడితే నలభై మూడు ఫోటోల మీదా అనుమానం వస్తుంది. ఆయన ఒక్క క్షణం ఆలోచించారు.

"అది ఆ రోజే డిలీట్ అయిపోయింది" అన్నారు. అబద్ధం ఆడే అలవాటు లేని మనిషి కాబట్టి, వెంటనే పెరట్లోకి వెళ్ళి డిలీట్ చేసి వచ్చారు.

ఆ సాయంత్రం మంత్రిగారి పి.ఎ. ఫోన్ చేసి, మహిళల కోటాలో సీటు సాధించిన మొట్టమొదటి మగవాడు మీరేనని, ఇది స్త్రీజాతికే గర్వకారణమని అభినందించారు. ఛైర్మన్ పదవి దాదాపు ఖాయమన్నారు. యలమందయ్యగారు చాలా వినయంగా ఒప్పుకున్నారు.

"నా బట్టలు కూడా సర్దు" అన్నారు భార్యతో. "ఆ సంచీ ఖాళీ చేస్తే సరిపోద్ది."

ఆవిడ సంచీ ఖాళీ చెయ్యలేదు.

సోమవారం ఉదయం ఆరున్నరకి లైవ్ మొదలైంది. జిల్లాలోని అన్ని మండలాల్లోనూ తెరలు పెట్టారు. యలమందయ్యగారు కొత్త పంచె కట్టుకుని, భుజాన తువ్వాలు వేసుకుని పొయ్యి ముందు నిలబడ్డారు. పాలగిన్నె పెట్టిందీ, స్టవ్ వెలిగించిందీ కోటిరత్నమే. ఇప్పుడు ఎదురుగా ఫోన్ పట్టుకుని నిలబడింది. బయట జెస్సీ స్కూటీ మీద కూర్చుని తన ఫోన్లో చూస్తోంది.

"శెభాష్ యలమందయ్యా! ఇంట్లో ఇంకెవరూ లేరా?" అన్నారు ఫోన్లోంచి మంత్రిగారు.

"లేరండి. అన్నీ నేనేనండి."

"మరి ఫోన్ ఎవరు పట్టుకున్నారయ్యా?"

"స్టాండండి."

కోటిరత్నం ఆయన వంక చూసింది. ఇరవై ఆరేళ్ళలో అలా చూడటం అదే మొదటిసారి. ఆ తర్వాత ఫోన్‌ని ఉప్పు జాడీకి ఆనించి, కదలకుండా ఉందో లేదో సరిచూసింది. బియ్యం డబ్బాలోంచి ఉత్తరం తీసుకుంది. చెంగుతో చేతులు తుడుచుకుని, గుమ్మం పక్కనున్న సంచీ భుజాన వేసుకుని వెళ్ళిపోయింది. ఇంత జరిగినా ఫ్రేములో మాత్రం ఎక్కడా పడలేదు. నలభై ఐదు రోజుల అలవాటు.

బయట స్కూటీ స్టార్టయిన చప్పుడు వినపడింది.

"పాలు పొంగుతున్నాయయ్యా" అన్నారు మంత్రిగారు.

"శుభం సార్."

"శుభం సంగతి తర్వాత. ముందు స్టవ్ ఆపు!"

యలమందయ్యగారు ఒక మీట తిప్పారు. పక్క పొయ్యి లోంచి గ్యాసు బుస్సుమంది. దాన్ని మూసి ఇంకోటి తిప్పారు. మంట పెద్దదైంది. ఊదారు. పాలు గట్టు మీంచి కొత్త పంచె మీదకి కారాయి.

"ఒసేయ్ కోటిరత్నం! కోటిరత్నం! ఇదెటు తిప్పాలే?"

జిల్లా అంతా చూస్తోంది.

"ఎవరిని పిలుస్తున్నావయ్యా?" అన్నారు మంత్రిగారు.

యలమందయ్యగారు తువ్వాలుతో మొహం తుడుచుకున్నారు. కెమెరా వైపు తిరిగి చేతులు జోడించారు.

"స్టాండునండి" అన్నారు.