పాపాయమ్మకు ఉర్దూ వచ్చిన వైనం

దువ్వాడ రైల్వేస్టేషనుకు కూతవేటు దూరంలో ఉన్న శాంతితీరం వృద్ధ సంరక్షణాలయంలో జ్ఞాపకశక్తి విభాగం అత్యంత వైభవంగా ప్రారంభమైంది. రిబ్బను కత్తిరించారు. గోడలకు లేత నీలం రంగు వేశారు. ఆరు మంచాలు వేసి, తలుపుకు అంకెలు నొక్కితే తప్ప తెరుచుకోని తాళం బిగించారు. లోపం ఒక్కటే. లోపల పడుకోవడానికి మతిమరుపు ఉన్నవాళ్ళెవరూ లేరు.

సంస్థలో అప్పటికే మూడు రకాల సేవలు నడుస్తున్నాయి. స్వల్పకాలిక సంరక్షణ అంటే విరిగిన ఎముక అతుక్కునేదాకా ఉండటం. స్వతంత్ర సంరక్షణ అంటే ఎవరి పనులు వాళ్ళే చేసుకోవడం; సిబ్బంది దూరం నుంచి హర్షిస్తారు. సంపూర్ణ సంరక్షణ అంటే ఆ రెండింటిలోనూ చేయనివన్నీ చేసినట్టు రిజిస్టరులో రాయడం. నాలుగోది కూడా ఉంటే ప్రత్యేక గుర్తింపు వస్తుందని తెలిసి డైరెక్టరు డాక్టర్ గుణశేఖర్ ఈ విభాగం పెట్టారు. మూడు వారాల్లో తనిఖీ బృందం వస్తోందని కబురందగానే సిబ్బందిని సమావేశపరిచారు.

"రోగులు లేరని అధైర్యపడకండి. శ్రద్ధగా పరీక్షిస్తే ప్రతి మనిషిలోనూ ఏదో ఒక జబ్బు తప్పక బయటపడుతుంది. మానవజాతి మీద మన సంస్థకున్న విశ్వాసం అది!" అని ఉద్బోధించారు. సిబ్బంది చప్పట్లు కొట్టారు. మర్నాడే పరీక్షలు మొదలయ్యాయి.

పాపాయమ్మ అక్కడికి వచ్చింది కాలు విరిగి. ఫిషింగ్ హార్బర్లో నలభై ఏళ్ళు చేపల వేలం పాడిన మనిషి. తడిసిన మెట్టు మీద జారింది. కూతురు వరహాలు తెల్లారకముందే ఐసు ఫ్యాక్టరీకి పోవాలి కాబట్టి, కట్టు విప్పేదాకా ఇక్కడుంటానని తనే నిర్ణయించుకుంది. ఆమె గదిలో రెండో మంచం గుల్జార్ బేగంది. విశాఖ పాతబస్తీ ఉర్దూ బడిలో ముప్పై ఏళ్ళు పాఠాలు చెప్పిన టీచరమ్మ. ఈమధ్య రెండుసార్లు దారి తప్పిపోతే, పూర్ణా మార్కెట్ దగ్గర అత్తరు కొట్టు నడిపే మేనల్లుడు ఫారూఖ్ భయపడి తీసుకొచ్చాడు. జ్ఞాపకశక్తి విభాగం కావాలని దరఖాస్తు పెట్టిన ఏకైక వ్యక్తి అతనే.

పరీక్ష పెట్టింది కౌన్సెలరు సాయిశంకర్. జవాబుల కాగితం చేతిలో పట్టుకుని ముందు పాపాయమ్మను అడిగాడు.

"ఈ రోజు తారీఖెంత?"

"వేట నిషేధం ఎత్తెయ్యడానికి ఇంకా తొమ్మిది రోజులుంది."

లెక్క సరైనదే గానీ కాగితంలో ఆ జవాబు లేదు. సున్నా వేశాడు.

"వందలోంచి ఏడు తీసెయ్యండి."

"ఏడెందుకు తీత్తాను బాబూ? సరుకు సూసి మాటాడు. ఐదు తగ్గిత్తాను, ఇట్టమైతే అట్టుకెల్లు."

సున్నా.

"మన రాష్ట్ర రాజధాని?"

"ఇయాలదా, రేపటిదా?"

సాయిశంకర్ జవాబుల కాగితం వైపు చూశాడు. అక్కడ కూడా కొట్టివేతలున్నాయి. అయినా సున్నా వేశాడు. మొత్తం ఇరవై ప్రశ్నలకు పాపాయమ్మకు రెండు మార్కులొచ్చాయి, అవి పేరుకీ ఊరుకీ.

గుల్జార్ బేగం వంతు వచ్చింది. తారీఖెంత అని అడిగితే ఆవిడ కళ్ళజోడు పైకి తోసి, "నువ్వే చెప్పు బేటా. తొందరపడకు, బాగా ఆలోచించుకో" అంది. ఆ గొంతు వినగానే సాయిశంకర్‌కు తెలియకుండానే చేతులు కట్టుకోవడం అయిపోయింది. తారీఖు చెప్పాడు. "శభాష్! తర్వాతది?" అంది. తొంభై మూడు అన్నాడు. శభాష్ అంది. రాజధాని దగ్గర నీళ్ళు నమిలితే, "పర్వాలేదు, రేపు చదువుకుని రా" అని క్షమించింది. ఇరవైకి పందొమ్మిది మార్కులు వేసి, సాయిశంకర్ పొంగిపోతూ బయటికొచ్చాడు. మార్కులు ఎవరికొచ్చాయో అతనికి చివరిదాకా తట్టలేదు.

పాపాయమ్మ చేతికి ఎర్రపట్టీ కట్టి జ్ఞాపకశక్తి విభాగంలో పెట్టారు. గుల్జార్ బేగం చేతికి పచ్చపట్టీ కట్టి స్వతంత్ర విభాగంలోకి పంపారు.

మర్నాడు ఉదయం ఎనిమిదింటికి గుల్జార్ బేగం బడికి బయల్దేరింది. పచ్చపట్టీ చూసి గేటు దగ్గర కాపలావాడు సెల్యూట్ కొట్టాడు. రెండు గంటల తర్వాత ఆవిడ దువ్వాడ స్టేషన్లో, మూడో ప్లాట్‌ఫారం అంచున, ఆలస్యంగా వచ్చిన గూడ్సు బండిని మందలిస్తూ దొరికింది. పోర్టరు చెయ్యి పట్టి వెనక్కి లాగకపోతే బండి ఆవిడ మందలింపు వినిపించుకునేది కాదు.

పరుగున వచ్చిన ఫారూఖ్‌తో డైరెక్టరు, "ఆమె స్వతంత్ర విభాగం. స్వతంత్రంగా వెళ్ళారు. ఇది మా సేవల విజయం" అన్నారు.

"మా ఫుప్పూకి ఏమీ గుర్తుండదు సార్!" అని మేనత్త కోసం మొత్తుకున్నాడు ఫారూఖ్.

"పందొమ్మిది మార్కులయ్యా! నీకొస్తాయా?"

కిటికీలోంచి అంతా విన్న పాపాయమ్మకు పట్టాల పక్కన నిలబడ్డ గుల్జారే కళ్ళముందు మెదిలింది. తనున్న విభాగంలో రోజారమణి అనే నర్సు ఉంది. సంస్థ మొత్తంలో పని తెలిసినది ఆ పిల్లే. మతిమరుపు రోగుల కోసం నేర్చుకున్న విద్యంతా పాపాయమ్మ మీద ప్రయోగించలేక, ఊరికే కూర్చుని స్వెట్టర్ అల్లుతోంది. పాపాయమ్మ ఆమెను పిలిచి, వెనకే ఫారూఖ్‌నూ పిలిచింది.

"ఓలమ్మీ, ఈల్లు మొకాలు సూడరు, పట్టీలే సూత్తారు. అవునా కాదా?"

"అవునమ్మా."

"అయితే కత్తెరట్రా."

సాయంత్రం టీ వేళకు పట్టీలు మారిపోయాయి. మనుషులూ గదులు మారిపోయారు. సంస్థలో ఎవరూ గమనించలేదు. పాపాయమ్మను "గుల్జార్ గారూ" అని మర్యాదగా పిలవసాగారు. కష్టం ఒక్కచోటే వచ్చింది. గుల్జార్ బేగం ఫైల్లో చేప పడదని రాసి ఉంది. హార్బర్లో బోట్లు మళ్ళీ వేటకెళ్ళి, సంరక్షణాలయంలో వంజరం పులుసు వండిన ప్రతిసారీ, పులుసు పాపాయమ్మ ముక్కు ముందు నుంచే పక్క బల్లకు పోయేది. నలభై ఏళ్ళు చేపల మధ్య బతికిన మనిషి సొరకాయ కూర కలుపుకుంటూ, "నీకోసం సేత్తన్నాను గుల్జారూ. నువ్వెలాగూ మరిసిపోతావు, అదీ నా బాద" అని గొణుక్కునేది.

అక్కడ గుల్జార్ బేగం మాత్రం కుదుటపడింది. ఎనిమిదింటికి బడి టైమైందంటే, బడి లేదు, ఎప్పుడో రిటైరయ్యారు అని రోజారమణి వాదించేది కాదు. "పదండి టీచర్" అని చెయ్యి పట్టుకుని వరండా అంతా తిప్పి, బల్ల ముందు కూర్చోబెట్టి, పలక చేతికిచ్చేది. ఆవిడ స్టేషన్ మాట మళ్ళీ ఎత్తలేదు.

తనిఖీ బృందం రానే వచ్చింది. బృందనాయకుడు కృష్ణంరాజు గారు ఫైలు తెరిచి బిగ్గరగా చదివారు. "పాపాయమ్మ. వృత్తి చేపల వేలం. చదువు లేదు. మార్కులు రెండు." తలెత్తేసరికి ఎదురుగా ఎర్రపట్టీ కట్టుకున్న పెద్దావిడ కళ్ళజోడు సర్దుకుంటోంది.

"ఇంత ఆలస్యమా? బైఠో!"

కృష్ణంరాజు గారు కూర్చున్నారు. వెనకున్న ఇద్దరూ కూర్చున్నారు. ఆవిడ ఏడో ఎక్కం ఉర్దూలో అప్పజెప్పి, వాళ్ళచేత అప్పజెప్పించి, ఒక కవిత చదివి అర్థం వివరించింది. మూడో సభ్యుడు బయటికెళ్ళడానికి చిటికెనవేలు చూపించి అనుమతి అడిగాడు. కృష్ణంరాజు గారి కళ్ళు చెమర్చాయి.

"చేపలమ్మే మనిషి! అక్షరం రాని మనిషి! మూడు వారాల్లో ఉర్దూ పండితురాలు! డాక్టరుగారూ, పోయిన జ్ఞాపకాలు తెప్పించినవాళ్ళను చూశాను గానీ, లేని జ్ఞాపకాలు తెప్పించినవారు మీరొక్కరే!"

డైరెక్టరు ఆ ముఖాన్ని అప్పుడే మొదటిసారి చూశారు. ఎక్కడో తేడా కొట్టింది. కానీ మెడలో అప్పటికే పూలదండ పడిపోయింది. గుర్తింపు అక్కడికక్కడే మంజూరైంది.

మధ్యాహ్నానికి సంగతి అర్థమై ఆయన స్వతంత్ర విభాగానికి ఒంటరిగా వచ్చి తలుపు దగ్గరగా వేశారు. "అమ్మా, ఈ సంగతి బయటపెట్టకండి. కొన్నాళ్ళు మీరే గుల్జార్ బేగంగా ఉండిపోండి" అని బతిమాలారు.

"నా పేరు నాకిచ్చీ బాబూ. దాంతోనే వేలం పాడాల. ఆవిడ పేరు ఆవిడకిచ్చీ. ఆవిడ్ని ఆ గదిలోంచి కదపడానికి ఈల్లేదు. రోజారమణిని మార్చడానికీ ఈల్లేదు. ఒప్పుకుంతావా, ఆ ఆపీసర్ని ఎనక్కి పిలవమంతావా?"

డైరెక్టరు కాగితం మీద రాసి సంతకం పెట్టారు. సంస్థలో అమలైన మొదటి కాగితం అదే అయ్యుంటుందని సిబ్బంది చెప్పుకున్నారు. ఆ పూట పాపాయమ్మ రెండు గిన్నెల పులుసు తాగింది.

'మతిమరుపుకు విశాఖలో మందు' అని పత్రికల్లో వచ్చింది. వారం తిరిగాక, కట్టు విప్పించుకుని కూతురితో ఇంటికి బయల్దేరిన పాపాయమ్మకు గేటు ముందు పెద్ద లైను కనబడింది. ప్రతి ఇంటివాళ్ళూ తమ ముసలివాళ్ళను తెచ్చుకున్నారు. పాపం, ఎంతమంది మరిచిపోతున్నారో అని ఆమె గుండె కరిగింది. లైను మొదట్లో ఇస్త్రీ చొక్కా వేసుకున్న శ్రీరామ్మూర్తి, పక్కనే కర్ర పట్టుకుని వాళ్ళ నాన్న దాలయ్య.

"ఎన్నాల్లనుంచి బాబూ, ఈ తాతకి మరుపు?"

"మరుపా!" శ్రీరామ్మూర్తి నొసలు కొట్టుకున్నాడు. "ఒక్కటీ మర్చిపోడమ్మా, అదే మా బాధ. ఫ్యాక్టరీ కోసం మా ఊరు ఖాళీ చేయించిన నాడు ఏ నాయకుడు స్టేజీ ఎక్కి ఏ మాటిచ్చాడో తారీఖులతో సహా చెప్తాడు. ఇంటికి ఏ లీడరొచ్చినా ఎదురుగా కూచుని మొదలెడతాడు. తల తీసేసినట్టుంటాది. మర్చిపోడానికేదైనా వైద్యం చేస్తారేమోనని తెచ్చాను."

లైన్లో వెనకున్నవాళ్ళంతా తమ బాధా అదేనన్నట్టు తలూపారు.

దాలయ్య ఆమె వైపు చూశాడు. "నాను కూడా మరిసిపోతే ఇంక సెప్పడానికి ఎవుడున్నాడమ్మా?"

"చూశారా, మళ్ళీ మొదలెట్టాడు!" అన్నాడు శ్రీరామ్మూర్తి. "ఊళ్ళో మిగతా అందరం ఏ మందూ లేకుండానే మర్చిపోయాం. ఈయనొక్కడికే కుదరటం లేదు."