ఏడో నంబరు డంపరు కొలతలు

ఆ పొద్దున డంపరు డ్రైవరు అనుకున్న పని చాలా చిన్నది. షిఫ్టుకు గంట ముందే గనికి వెళ్లాలి, షెడ్డులో నిలబెట్టిన ఏడో నంబరు డంపరును టేపుతో కొలవాలి, ఎవరి కంటా పడకుండా బయటపడాలి. ఇరవై ఎనిమిదేళ్లు తోలిన బండి అది. నాలుగు నెలల్లో రిటైరవుతాడు. బండిని ఇంటికి తెచ్చుకోలేడు కాబట్టి, యాభయ్యో వంతు సైజులో ప్లాస్టిక్ షీటుతో బొమ్మ చేసుకుంటున్నాడు. కంపెనీ పుస్తకంలో పొడవూ వెడల్పూ ఎత్తూ తప్ప ఇంకేమీ లేవు. నిచ్చెన మెట్టుకూ మెట్టుకూ మధ్య ఎంత దూరమో రాయాలన్న ఇంగితం అది అచ్చేసినవాడికి లేకపోయింది.

"బెత్తెడు అటూ ఇటూ అయితే కొంపేం మునుగుతుంది?" అంది భార్య, నేలంతా పడ్డ షీటు ముక్కలు ఊడుస్తూ.

"చూసేవాళ్లకి తెలీదు. నాకు తెలుస్తుందిగా."

"ఇన్నేళ్లలో నా చెప్పుల సైజెంతో ఒక్కసారైనా అడిగారా?"

అతను గబగబా బూట్లు వేసుకున్నాడు.

షెడ్డులో పని బాగానే సాగింది. గేరుబాక్సు పోయి ఏడో నంబరును రెండు నెలలుగా పక్కన పెట్టారు. కొత్తది వస్తే ఆఖరిగా కొన్నాళ్లు తోలవచ్చని అతని ఆశ. కొలిచిందే మళ్లీ కొలవకుండా ప్రతిచోటా సుద్దముక్కతో గీత పెట్టుకుంటూ పోయాడు. తొట్టి మీద, ఛాసిస్ మీద, క్యాబిన్ కింద, మొత్తం పదకొండు గీతలు.

"ఏంటి బాబాయ్, పొద్దున్నే టేపు పట్టావు?" అన్నాడు స్టోరు గుమాస్తా, ఎటునుంచి వచ్చాడో గానీ.

ఈ వయసులో బొమ్మ చేసుకుంటున్నానని చెప్పడానికి డ్రైవరుకు నామోషీ వేసింది. "ఆఫీసు పనిలే," అన్నాడు.

గుమాస్తా ఆ మాటను నేరుగా మేనేజరు చెవిన వేశాడు. తనకు తెలియకుండా హెడ్డాఫీసు బండ్లు కొలిపిస్తోందనుకుని మేనేజరు గుండెల్లో రాయి పడింది. అడిగితే తనకు తెలియదన్న సంగతి పైవాళ్లకు తెలిసిపోతుంది. అందుకని హెడ్డాఫీసును అడగకుండా డ్రైవరును పిలిపించాడు.

"ఆ కొలతలు నాకో కాపీ ఇవ్వండి. పైకి నేను పంపుతాను."

డ్రైవరు నిజం చెప్పేద్దామని నోరు తెరిచాడు. అంతలో మేనేజరు, "మీలాంటి బాధ్యత తెలిసినవాళ్లు ఇంకో ఇద్దరుంటే చాలండీ," అన్నాడు. ఆ గదిలో అతను విన్న మొదటి మంచి మాట అదే. తెరిచిన నోరు మూసుకుని కాగితం ఇచ్చేశాడు.

'తమరు కోరిన ప్రకారం' అని రాసి మేనేజరు దాన్ని పైకి పంపాడు. హెడ్డాఫీసు ఏమీ కోరలేదు. నడవని బండి కొలతలు అంగుళాలతో సహా వచ్చాయంటే తుక్కుకు అనుమతి అడుగుతున్నారు కాబోలనుకుని అక్కడెవరో సంతకం పెట్టేశారు. గేరుబాక్సు ఆర్డరు రద్దయింది. ఆ వారమంతా డ్రైవరు సెలవు పెట్టి ఇంట్లో బొమ్మకు చక్రాలు చేస్తున్నాడు.

సెలవు ముగిసి వెళ్లేసరికి ఏడో నంబరు ముక్కలై నేలమీద పడి ఉంది. ఆ షెడ్డులో తుక్కు బండి మీద సుద్దగీత ఉంటే అక్కడ కోయమని అర్థం. బండి తోలేవాడికి ఆ సంగతి తెలియాల్సిన అవసరం ఎన్నడూ రాలేదు.

"ఎంత నీటుగా గీశారు బాబాయ్," అన్నాడు గ్యాస్ కటింగు మేస్త్రీ. "గీత మీదే కోశాను. వెంట్రుకవాసి తేడా రాలేదు."

డ్రైవరుకు ఏడుపొచ్చింది. మేస్త్రీని తిడదామంటే గీసింది తన చెయ్యే. తిన్నగా మేనేజరు గదికి వెళ్లి, బొమ్మ సంగతంతా పూసగుచ్చినట్టు చెప్పేశాడు.

మేనేజరు పగలబడి నవ్వాడు. "హెడ్డాఫీసు నోరు విప్పొద్దని చెప్పిందని చెప్పండి, అర్థం చేసుకుంటాను. బొమ్మేంటండీ?" అంటూ ప్రశంసాపత్రం చేతిలో పెట్టాడు. ఇదే శ్రద్ధతో మిగతా ఆరు బండ్లనూ కొలిచి ఇవ్వవలసిందని అందులో ఉంది.

ఆ రోజునుంచి అతను షెడ్డులో అడుగుపెడితే చాలు, డ్రైవర్లందరూ పరుగున వెళ్లి ఎవరి బండిలో వాళ్లు ఎక్కి కూర్చుంటున్నారు.