మంచుబండి ఇంజనూ, మజ్జిగ లైనూ

ఆదివారం పొద్దున్నే లేచి వెంకటరాజు వేసుకున్న పథకం చాలా చిన్నది. ఏడింటికల్లా ఇంజన్ బిగింపు ముగించాలి. ఎనిమిదింటికి ఫ్లయింగ్ క్లబ్బు ఇన్‌స్పెక్టరు వస్తాడు. ఆయన కళ్ళముందు ఆ ఇంజన్ ఇరవై నిమిషాలు ఆగకుండా, మరీ కాగకుండా తిరగాలి. ఆయన కాగితం మీద సంతకం పెట్టాలి. రెండు వారాల్లో వేణుగోపాలరావు గారి విమానం గాల్లోకి లేస్తుంది. దాని రెండో సీట్లో వెంకటరాజు కూర్చుంటాడు. కూర్చుని, పైనుంచి పెళ్ళాన్ని చూసుకుంటాడు.

పెళ్ళాన్ని చూడ్డానికి విమానం దేనికయ్యా అని మీరు అడగొచ్చు. చిట్టెమ్మ ఉన్నది కూడా గల్ఫులో రాజు ఉన్న రాస్ అల్ ఖైమాలోనే, కారులో ఇరవై నిమిషాల దూరంలో, ఒక పెద్ద విల్లాలో పనికి. మొగుడూ పెళ్ళాలు ఒకే ఊళ్ళో ఉన్నారంటే భీమవరంలో అందరూ అదృష్టవంతులన్నారు. ఆమెకు సెలవు నెలకో శుక్రవారం. ఆ శుక్రవారం రాజుకు క్వారీలో డ్యూటీ పడేది. ఈ ఏడాదిలో వాళ్ళు కలుసుకున్నది ఐదుసార్లు. ఒకసారి ఉండబట్టలేక రాజు విల్లా గోడ బయట నిలబడ్డాడు. పక్కింటివాళ్ళు దొంగ అనుకుని వాచ్‌మన్‌ను పంపారు.

"రోజూ నాలుగున్నరకి బట్టలు తియ్యడానికి డాబా మీదకెక్కుతాను. ఆ టైముకి నువ్వు మీదనించి పోతే చెయ్యి ఊపుతాలే," అని చిట్టెమ్మ ఫోన్లో వేళాకోళమాడింది. రాజు ఆ వేళాకోళం మీద ఎనిమిది నెలలు పనిచేశాడు. పైగా ఆమె పనిచేసే ఇంటి మేడమ్ వాళ్ళు ఈ సెప్టెంబరు ఆఖరుకి కాపురం అబుదాబికి మార్చేస్తున్నారు. ఆ తర్వాత ఆ డాబా మీద ఎవరి బట్టలు ఆరేసినా రాజుకు ఒకటే.

రావు గారు ఆ క్వారీలోనే ఇంజనీరు. నాలుగేళ్ళుగా కూలీలుండే క్యాంపు ఎదుటి షెడ్డు అద్దెకు తీసుకుని, సెలవు రోజుల్లో ఇద్దరు పట్టే విమానం సొంతంగా కట్టుకుంటున్నారు. అసలైన విమానం ఇంజన్ కొనే తాహతు లేక, కెనడాలో మంచు మీద పరిగెత్తే బండి ఇంజన్ ఒకటి వాడినది తెప్పించారు. బరువు తక్కువ, బలం ఎక్కువ. రొయ్యల చెరువుల దగ్గర ఇంజన్లతో పెరిగిన రాజు దాన్ని తన చేతుల్లోకి తీసుకున్నాడు. అది మరీ జోరుగా తిరిగితే ప్రొపెల్లర్ తట్టుకోదు కాబట్టి బెల్టూ పుల్లీలూ పెట్టి వేగం తగ్గించాడు. చలిగాలికి అలవాటు పడ్డ ఇంజన్‌కు వేడిగాలిలో పెట్రోలు ఎక్కువైపోతుంటే, దాన్ని వదిలే జెట్లు సన్నవి వేశాడు. ఒక్కటే చిక్కు మిగిలింది. కెనడాలో ఆ ఇంజన్ బండి ఎగజిమ్మే మంచుతోనే చల్లబడేది. ఇక్కడ ఎగజిమ్మడానికి ఉన్నది ఇసుక. అందుకని కారు రేడియేటర్ బిగించాడు.

ఆ రేడియేటర్ సరిగ్గా ఆరున్నరకు కారడం మొదలుపెట్టింది. ఆదివారం పొద్దున కొత్తది ఎవడిస్తాడు? రాజు కాసేపు తల పట్టుకుని, చేపల మార్కెట్‌కు ఐసు తోలే రహమతుల్లాకు ఫోను చేశాడు.

"నాలుగు దిమ్మలు ఐసు కావాలన్నా, అర్జెంటు."

"చేపలు యాడ పట్టినావన్నా?" అన్నాడు కడప రహమతుల్లా.

"చేపలు కాదు, ఇంజన్‌కి."

ఆలోచన మంచిదే. నీలం డ్రమ్ములో ఐసునీళ్ళు పోసి, అందులో రాగి గొట్టం చుట్టలు ముంచి, ఇంజన్‌లోని వేడినీళ్ళు ఆ గొట్టంలో తిప్పితే ఇరవై నిమిషాలు గడిచిపోతాయి. ఏడుంపావుకు తెల్ల వ్యాను షెడ్డు గేటు ముందు ఆగింది. ఇద్దరూ డ్రమ్ము దించి, ఐసు పగలగొట్టి, నీళ్ళు నింపారు. మరి సెలవురోజు పొద్దున్నే, ఎండాకాలంలో, క్యాంపు ఎదురుగా తెల్ల వ్యాను, నీలం డ్రమ్ము, ఐసు కనిపిస్తే దాని అర్థం గల్ఫులో చంటిపిల్లాడికైనా తెలుసు. ఎవరో పుణ్యాత్ములు చల్లటి పానీయం పంచుతున్నారు.

మొదట హన్మాండ్లు వచ్చాడు. జగిత్యాల మనిషి, చేతిలో ఖాళీ సీసా. అతని వెనక ఆరుగురు.

"ఏమిస్తున్నరన్నా?"

"ఏమీ ఇవ్వట్లేదు బాబూ. ఇంజన్‌కి ఇది."

"ఇంజన్‌కు తాపుతవు గని, మనుషులకు తాపవా?"

ఆ మాట అన్నాక రహమతుల్లా మనసు ఆగలేదు. ఒక లోటాడు నీళ్ళు ముంచి హన్మాండ్లు సీసాలో పోశాడు. అంతే, క్యాంపులో ప్రతి కిటికీ తెరుచుకుంది. ఐదు నిమిషాల్లో డ్రమ్ము చుట్టూ అరవైమంది. రాజు గుండె ప్రొపెల్లర్ దగ్గరే ఉంది. ఎవడైనా దానిమీద చెయ్యి వేస్తే ఎనిమిది నెలల పని పోతుంది.

"లైన్లో నిలబడండి. విమానం ముట్టుకోకండి," అని అరిచాడు.

అదే అతను చేసిన ఘోరమైన తప్పు. ఇచ్చేదేమీ లేకపోతే లైను ఎందుకు? పంచేవాళ్ళు ముందు లైను పెట్టించడం అందరికీ తెలిసిందే. బంగ్లాదేశ్‌వాళ్ళూ, నేపాల్‌వాళ్ళూ, బిహారువాళ్ళూ బుద్ధిగా బారులు తీరారు. 'ముందు నీళ్ళు, తర్వాత బిర్యానీ' అని ముందునుంచి వెనక్కి కబురు పాకింది. పక్క క్యాంపు కూడా కదిలింది. దారినపోయే ఒకాయన కారు ఆపి, ఇంత పెద్ద లైనుకు తిండి ఏదని బాధపడి, ఫోనులో వీడియో తీసి నలుగురికీ పంపాడు.

"ఖలాస్ భాయ్, ఏమీ లేదు, పోండి," అన్నాడు రాజు చేతులు జోడించి.

"అట్లనే అంటరన్నా," అన్నాడు హన్మాండ్లు వెనకవాళ్ళతో. "ఓపిక వట్టినోనికే దొరుకుతది."

ఎనిమిదింటికి రావు గారూ, ఆయన వెంట తెల్లజుట్టు ఇన్‌స్పెక్టరూ వచ్చారు. అప్పటికి లైనులో రెండు వందల మంది ఉన్నారు. డ్రమ్ములో రాగి గొట్టం ఒక్కటే ఉంది.

"రాజూ, ఐసేదయ్యా?"

"తాగేశారండి."

రావు గారు కూర్చోడానికి చోటు వెతుక్కున్నారు. ఇన్‌స్పెక్టరు విమానాన్ని చూశాడు, లైనును చూశాడు, తన గడియారాన్ని చూశాడు. ఇంతమంది ఉన్నచోట ప్రొపెల్లర్ తిప్పడానికి ఒప్పుకోననీ, ఈ రాత్రికే సెలవు మీద తన దేశం వెళ్తున్నాననీ, అక్టోబరు నడిమధ్యలో తిరిగొచ్చాక చూద్దామనీ మర్యాదగా చెప్పి వెళ్ళిపోయాడు.

"నెలన్నరే కదయ్యా. నాలుగేళ్ళు ఆగినవాణ్ణి, నెలన్నర ఆగలేనా," అన్నారు రావు గారు, ఆగలేని గొంతుతో.

అక్టోబరు నడిమధ్యకు డాబా ఖాళీ. స్పానరు చేతిలోంచి జారినా రాజు వంగి తీసుకోలేదు. ఒక్కసారి, దూరంనుంచైనా సరే, వేలెడంత మనిషిలా అయినా సరే, ఆమె తలెత్తి తనకోసం చూడటం చూడాలనుకున్నాడు. అంతకుమించి ఏమీ కోరుకోలేదు.

సరిగ్గా అప్పుడే లైను మొదట్లో ఒక పెద్ద తెల్లకారు ఆగింది. ఎండాకాలంలో పంచడానికని ఫ్రిజ్జులో ఎప్పుడూ పెట్టెలు సిద్ధంగా ఉంచుకునే మేడమ్ ఎవరో వీడియో చూసి వచ్చేసింది. వెనక తలుపు తెరుచుకుంది. లబన్ మజ్జిగ సీసాల పెట్టెలు దింపుతూ, నెత్తిన గుడ్డ సర్దుకుంటూ, చెమటలు కక్కుతూ నిలబడింది చిట్టెమ్మ.

రాజు పరుగెత్తాడు. లైను మొత్తం ఒక్క గొంతుతో మొత్తుకుంది. ఒక బలమైన చెయ్యి అతని భుజం పట్టుకుంది.

"అన్నా, నువ్వే గద లైన్ల నిలవడుమన్నవ్," అన్నాడు హన్మాండ్లు. "వెనకకు వో."

ముప్పావుగంటగా ఆ లైనును పంపించెయ్యాలని చూసిన మనిషి దాని చివరికి వెళ్ళి నిలబడ్డాడు. ముందు రెండు వందల తలలు. చిట్టెమ్మ కనపడదు, సీసాలు అందించే చెయ్యి మాత్రం మధ్యమధ్య కనపడుతుంది. చేతికి ఆ పాత ఎర్ర గాజులే. మజ్జిగ అయిపోతుందేమో, కారు వెళ్ళిపోతుందేమో అని గంటసేపు అతని ప్రాణం గిలగిల్లాడింది. చివరికి అతని వంతు వచ్చింది. ఆమె తలెత్తకుండానే సీసా అందించింది.

"చిట్టీ."

ఆమె సీసా వదలలేదు. అతనూ వదలలేదు.

"నువ్వేంటయ్యా ఇక్కడ? చిక్కిపోయావేంటి?"

"విమానం రెడీ చేద్దామని. నిన్ను డాబా మీద చూద్దామని."

"ఎంత ఎత్తున పోద్ది అది?"

"వెయ్యడుగులు."

"వెయ్యడుగుల మీంచి నా మొహం ఏం కనపడుద్ది నీకు?"

ఎనిమిది నెలల్లో రాజుకు ఈ ప్రశ్న తోచలేదు. జెట్ల గురించి ఆలోచించాడు, బెల్టు గురించి ఆలోచించాడు. "నువ్వు ఉన్నావని తెలిస్తే చాలు గదా," అన్నాడు. చిట్టెమ్మ గుడ్డ కొంగుతో మొహం తుడుచుకుంది, చెమటే అన్నట్టు.

"యల్లా యల్లా," అన్నారు సీసా అందినవాళ్ళలో ఎవరో, ఇక పోదామని. హన్మాండ్లు ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. చేతిలో సీసాను గటగట తాగేశాడు.

"వదినెనా అన్నా?"

"ఆయ్."

హన్మాండ్లు వెనక్కి తిరిగాడు. "అందరు మళ్ళ వెనకకెల్లి రాండ్రి. ఎవ్వనికి చాలలే," అని హిందీలో కూడా చెప్పాడు. రెండు వందల మందీ, నిండిన పొట్టలతో, మళ్ళీ లైను కట్టారు. రాజు పెట్టెలు అందిస్తూ చిట్టెమ్మ పక్కన నిలబడ్డాడు. గంటసేపు పిల్లాడి చదువు గురించీ, అత్తగారి మోకాళ్ళ గురించీ మాట్లాడుకున్నారు. మధ్యలో మాటలు అయిపోతే ఊరికే ఒకరి పక్కన ఒకరు నిలబడ్డారు.

కారులోంచి మేడమ్ చిట్టెమ్మను పిలిచి అరబ్బీలో ఏదో అంది.

"ఇంత బుద్ధిగల లైను ఎక్కడా చూళ్ళేదంట. నెలాఖరు దాకా ప్రతి ఆదివారం ఇక్కడికే తెస్తాదంట," అంది చిట్టెమ్మ, మొహం వెలిగిపోతుంటే. "ఎంతమంది ఉంటారని అడుగుతుంది."

రాజు లైను వంక చూశాడు. రెప్ప వెయ్యకుండా, "ఆరొందలు," అన్నాడు.

ఆదివారం ఆదివారం మనిషికి మూడేసి చల్లటి సీసాలు తాగి, నెల తిరిగేసరికి క్యాంపు మొత్తానికి జలుబు పట్టుకుంది.