లున్ తాత రెండోసారి పోయిన రోజు

ఆ పొద్దున ఆకాశం తడి బూడిద పూసినట్టుంది. కురవదు, విడవదు. సవేంగ్ ఒకసారి తలెత్తి చూశాడు. చితి కట్టెలు తడవకముందే, పోయిన నాన్నను, ఊరందరి లున్ తాతను, బౌద్ధ విహారం చేర్చాలి. చీకటి పడేలోగా దహనం చెయ్యాలి. ఆ రోజుకు అదొక్కటే పని.

ఆ పని ఆ రోజే అయి తీరాలి. మర్నాడు శుక్రవారం. ఆ వైపు ఊళ్ళలో శుక్రవారం ఎవరూ శవాన్ని కాల్చరు. శనివారం పున్నమి, ఆ రోజూ కాల్చరు. విహారం వాళ్ళు అరువిచ్చిన మంచుపెట్టెలో మూడు రాత్రులు పడుకున్న లున్ తాతను ఆ పొద్దునే మామూలు చెక్కపెట్టెలోకి మార్చారు. మంచుపెట్టె పక్క ఊరికి వెళ్ళిపోయింది. అక్కడా ఎవరో పోయారు. ఉక్కగా ఉంది. ఆలస్యమైతే ఏమవుతుందో ఇంట్లో అందరికీ తెలుసు.

సవేంగ్ భార్య లమ్‌దువన్ వంట కోసం తెల్లవారకముందే విహారానికి వెళ్ళింది. చుట్టాలు కూడా ముందే వెళ్ళారు. పెట్టెను పికప్ బండి వెనక ఎక్కించి సవేంగ్ బండి తోలాడు. పెట్టె పక్కన బున్లై బాబాయి కూర్చుని దారి పొడుగునా పేలాలు చల్లుతూ, పోయిన అన్నకు దారి చెబుతున్నాడు. చెప్పకపోతే ఆత్మ దారి తప్పి ఎక్కడో దిగిపోతుంది.

"అన్నా, వంతెన దాటుతున్నాం. దిగకు, మాతోనే రా. అన్నా, మలుపొచ్చింది, కాస్త గట్టిగా పట్టుకో."

అన్న పట్టుకోలేదు. మలుపులో ఎదురుగా ఒక తెల్లటి కొత్త కారు రోడ్డు మధ్యకు వచ్చి పికప్ వెనక మూలను గుద్దింది. వెనక తలుపు ఊడింది. పెట్టె జారింది. విహారంలో కొబ్బరినీళ్ళతో ముఖం కడగాలి కనుక మూతకు మేకులు కొట్టలేదు. మూత ఒక వైపు, లున్ తాత రోడ్డు పక్క గడ్డిలో ఒక వైపు పడ్డారు. ఖాళీ పెట్టె గట్టు దిగి కాలవలో పడి, పడవలా సాగిపోయింది.

"ఒరేయ్, పెట్టె పోతోందిరా!"

"నాన్నో, బాబాయ్?"

"మీ నాన్న ఎక్కడికీ పోడు. ముందు పెట్టె పట్టు!"

ఇద్దరూ గట్టు వెంట పరుగెత్తారు.

కారు నడిపినావిడ అరుణీ. పట్నం బళ్ళో లెక్కల టీచరు. ఆవిడ కళ్ళు తెరిచేసరికి గడ్డిలో ఒక ముసలాయన కదలకుండా పడి ఉన్నాడు. ఇద్దరు మగాళ్ళు వెనక్కి చూడకుండా పారిపోతున్నారు. మనిషిని చంపేశాననుకుంది. అయినా చదువుకున్న మనిషి. బీమా కంపెనీ మనిషి వచ్చేదాకా బండి కదపకూడదు. కదిపితే తప్పు కదిపినవాళ్ళదే. అది ఆ దేశంలో పసివాళ్ళకు కూడా తెలుసు. ముందు బీమా వాళ్ళకు ఫోన్ చేసింది. తరవాత, దెబ్బ తగిలినవాళ్ళను, పోయినవాళ్ళను మోసే సేవాసంఘానికి చేసింది.

ఆ జిల్లాలో అలాంటి సంఘాలు రెండున్నాయి. ఎవరు ముందొస్తే మనిషి వాళ్ళకే. అందుకని ఆ రోజూ ఒక సంఘం బండి కూతలు పెట్టుకుంటూ, పెట్టె దొరకకముందే వచ్చేసింది.

"చూడన్నా, బతికున్నాడా?"

"లేడు. చల్లబడిపోయాడు."

"అప్పుడేనా?"

"ముసలి ప్రాణం కదా. పట్టు, పట్టు, అవతలి సంఘం బండి వస్తున్నట్టుంది."

తెల్లగుడ్డ చుట్టారు, ఎక్కించారు, వెళ్ళిపోయారు. వెళ్ళేముందు ముసలాయన పేరు అడిగితే టీచరమ్మ ఏడుస్తూ, "నేనే చంపేశాను," అంది. వాళ్ళు అదే రాసుకున్నారు.

ఆ పాటికి దారిన పోయేవాళ్ళు పోగయ్యారు. "పోయినాయన వయసెంతమ్మా?" అని జాలిగా అడిగారు. లాటరీ తీసే రోజు దగ్గరపడింది, చావులో దొరికిన అంకె కలిసొస్తుందని అక్కడివాళ్ళ నమ్మకం. వయసు తెలియక కారు నంబరు రాసుకుని వెళ్ళారు.

బీమా కంపెనీ కుర్రాడు నిరుత్ మోటార్‌సైకిల్ దిగేసరికి, ఇద్దరు తడిసిన మనుషులు ఖాళీ శవపెట్టెను మోసుకుంటూ గట్టెక్కుతున్నారు. నిరుత్ వాళ్ళను చూశాడు. పెట్టెను చూశాడు.

"ఏంటన్నా, మనిషి పోయి ఇంకా అరగంట కాలేదు. పెట్టె కూడా తెచ్చేశారా?"

సవేంగ్ గడ్డి వైపు చూశాడు. గడ్డి నలిగి ఉంది, అంతే.

"మా నాన్నేడి?"

"ఆస్పత్రికి తీసుకెళ్ళారు బాబూ," అని టీచరమ్మ అతని కాళ్ళ మీద పడబోయింది. "నన్ను క్షమించు. నేనే చంపాను."

"మీరెందుకు చంపుతారమ్మా? ఆయన సోమవారమే పోయాడు."

టీచరమ్మ అలాగే కూలబడిపోయి, ఈసారి ఊరటతో ఇంకా గట్టిగా ఏడ్చింది. నిరుత్‌కు మాత్రం ఊరట లేదు. చావు కేసు అంటే వాళ్ళ కంపెనీలో ఎంత గొడవో అతనికి తెలుసు. ఫోన్లో తన పైఅధికారికి చెప్పాడు. ఆయన అరుపులు కాలవ అవతలకి వినిపించాయి.

"సోమవారం పోయినవాడు గురువారం మన కారు కింద ఎలా పడ్డాడయ్యా? సోమవారమే పోయాడని రుజువు చెయ్యి! చెయ్యకపోతే ఆ చావు మన నెత్తినే!"

ఆస్పత్రిలో శవాల గది గుమస్తా, కళ్ళజోడు పైనుంచి సవేంగ్‌ను చూశాడు.

"రోడ్డు ప్రమాదం కేసు. కోసి చూడకుండా ఇవ్వం. డాక్టరుగారు రేపు వస్తారు."

"రేపు శుక్రవారమండీ."

"అవును, రేపు శుక్రవారమే. నేను కాదన్నానా?"

సవేంగ్ గోడకు ఆనుకుని నిలబడ్డాడు. బతికున్నప్పుడు నాన్నను ఇదే ఆస్పత్రికి తెచ్చాడు. అప్పుడూ రేపు రమ్మన్నారు. ఆ రేపటికి తీసుకురావలసిన పని లేకపోయింది. "వద్దురా, కొయ్యనివ్వకురా," అని బున్లై బాబాయి మెల్లగా అన్నాడు. గదిలోంచి అప్పటికే సన్నగా వాసన వస్తోంది.

అప్పుడు కదిలాడు నిరుత్. మామూలుగా పగిలిన కారు దీపం డబ్బుల కోసం జనాన్ని నెల తిప్పే మనిషి. ఆ రోజు మాత్రం విహారానికి వెళ్ళి పెద్ద భిక్షువును తన మోటార్‌సైకిల్ వెనక ఎక్కించుకొచ్చాడు. శవాన్ని తెచ్చిన సంఘం వాళ్ళను పిలిపించాడు. సెలవులో ఉన్న డాక్టరును ఇంటి నుంచి లేపుకొచ్చాడు. అందరి ముందూ తెల్లగుడ్డ తీయించాడు.

"చూడండి డాక్టరుగారూ. చొక్కా వెనకది ముందుకు తొడిగారు. రెండు చేతులూ దారంతో కట్టారు. నోట్లో నాణెం ఉంది. ఇవన్నీ శవానికే చేస్తారు. ఏ మనిషైనా ఇలా తయారై రోడ్డు దాటతాడా?"

డాక్టరు సంఘం వాళ్ళ వైపు తిరిగాడు. "మీకు కనిపించలేదా?"

"కనిపించింది సార్," అన్నాడు ఒకడు తల గోక్కుంటూ. "ఇప్పటి ఫ్యాషన్ అనుకున్నాం."

"తొంభై ఏళ్ళ మనిషికా?"

"అవతలి సంఘం బండి వస్తోంది సార్. ఆలోచించే తీరిక లేదు."

పెద్ద భిక్షువును అడిగారు. ఆయన లున్ తాత ముఖం కేసి కాసేపు చూశాడు. "మూడు రాత్రులు ఈయనకే మంత్రాలు చదివాం. మధ్యలో లేచి వెళ్ళినట్టు నాకైతే కనపడలేదు."

"ఇంకేం కావాలండీ?" అని నిరుత్ గుమస్తా బల్ల గుద్దాడు. "ఈయన పూర్తిగా, పద్ధతిగా, సోమవారమే చచ్చిపోయాడు. మా కంపెనీ ఒప్పుకుంటోంది!"

డాక్టరు సంతకం చేశాడు. తెచ్చిన సంఘం వాళ్ళే సిగ్గుపడి, కూతలు పెట్టుకుంటూ లున్ తాతను విహారానికి చేర్చారు. బండి వెనక బున్లై బాబాయి ప్రతి మలుపూ చెబుతూనే ఉన్నాడు, ఈసారి అన్న చెయ్యి పట్టుకుని.

కొబ్బరినీళ్ళతో ముఖం కడిగారు. పొద్దు వాలుతుండగా సవేంగ్ నిప్పు పెట్టాడు. వాన రాలేదు. పొగ నిటారుగా లేచి, ఆ బూడిదరంగు ఆకాశంలో ఎక్కడ కలిసిందో తెలియలేదు. నాన్న ఇక ఎవరికీ కేసు కాడు అనుకున్నాక, సవేంగ్‌కు ఆ రోజు మొదటిసారి కన్నీళ్ళు వచ్చాయి. లమ్‌దువన్ పక్కకు వచ్చి నిలబడింది.

తరవాత చాపలు పరిచారు. లమ్‌దువన్ జిగురన్నం బుట్టలు, వెదురు మొలకల పులుసు తెచ్చిపెట్టింది. సవేంగ్, బాబాయి, టీచరమ్మ, సంఘం వాళ్ళు, నిరుత్, అందరూ ఒకే పులుసు చుట్టూ కూర్చున్నారు. అన్నం ముద్దలు చేసి, పులుసులో ముంచి, తలలు వంచుకుని తిన్నారు.

ఒక చావును బీమా కంపెనీ అంత పట్టుదలగా నమ్మడం ఆ ఊరు చూడటం అదే మొదలు.