బర్రె ఒప్పుకోని సెంటు

మనిషికి సొంత వాసన ఉండటం అనాగరికం! ఈ మాట ముక్కుసూటిగానే చెబుతున్నాను.

వాసి లేకపోయినా ఫర్వాలేదు, వాసన ఉండాలి. అదీ సీసాలోంచి రావాలి. వెనకటికి మన పల్నాడులో ‘నీకెన్ని సెంట్లు?’ అంటే పొలం సంగతి చెప్పేవాళ్ళు. ఇప్పుడు బ్రాండ్ల పేర్లు చెబుతున్నారు. అభివృద్ధి అంటే ఇది కాదూ? నరసరావుపేట షేర్ ఆటోలో పదిమంది ఎక్కితే పది పూలతోటలు ఒకదాని ఒళ్ళో ఒకటి కూర్చున్నట్టుంటుంది. ఊపిరాడదంటారా? ఆడకపోతే ఈలలు వేస్తూ పాడుతుంది లెండి!

సెంటు మహిమ మా ఇంట్లోనే రుజువైంది. మాది ముప్పాళ్ళ. మా ఆవిడ ప్రభావతికి ఒక పాడిబర్రె ఉంది. మా అమ్మాయి లిఖిత రోజూ బస్సులో నరసరావుపేట వెళ్ళి ఇంజనీరింగ్ చదువుతోంది. మొన్న వాళ్ళ కాలేజీలో పేరెంట్స్ మీటింగ్. పొద్దున్నే పాలు పిండి, చీర మార్చుకుని వచ్చిన తల్లిని చూసి లిఖిత ముక్కు మూసుకుంది.

“అమ్మా, పేడ కంపు కొడుతున్నావు. మా ఫ్రెండ్స్ అందరూ ఉంటారే.”

“పేడ తీసి వస్తే పేడ కంపు గాక మల్లెపూల వాసనొస్తదా ఏందే,” అంది ప్రభావతి. అంది గానీ, చెంగు ఎత్తి తనూ వాసన చూసుకుంది.

లిఖిత సెంటు సీసా తెచ్చి తల్లి మీద, అడ్డమొచ్చిన నా మీద, చివరి చుక్క దాకా కొట్టేసింది. తనకు మిగల్లేదు. త్యాగమంటే అదీ! మీటింగులో మా ముందు వరస, వెనక వరస ఖాళీ అయ్యాయి. అంత మర్యాద నాకెప్పుడూ జరగలేదు.

సాయంత్రం ప్రభావతి బకెట్ పట్టుకుని వెళితే బర్రె కాలు విసిరింది. దూడను వదిలితే పాలు చేపింది గానీ, ఈవిడ కూర్చోగానే పాలు బిగబట్టింది.

“నేనేనే, ఎవరనుకున్నావే,” అని బతిమాలింది ప్రభావతి. బట్టల సబ్బుతో రుద్దుకుని స్నానం చేసొచ్చినా సెంటు వదల్లేదు. కంపెనీ వాళ్ళ మాట మాటే! పొదుగు బరువుతో బర్రె అవస్థ పడుతోంది. ఈవిడ కళ్ళు తుడుచుకుంది.

“దీనిక్కూడా పనికిరాకుండా పోతిని.”

పిండే మనిషి లేకపోతే ఆ మనిషి చీర కట్టుకుని ఇంకొకరు పిండటం మా వైపు మామూలే. నేనూ కట్టుకుని కూర్చున్నవాణ్ణే. కానీ ఆ రోజు నేనూ పూలతోటనే కదా! ఇంట్లో సెంటు తగలనిది లిఖిత ఒక్కతే.

“ఆ చీరా? నేనా?” అంది లిఖిత.

తల్లి ఖాళీ బకెట్ వైపు చూసింది. లిఖితే దండెం మీది పేడమరకల చీర తీసి చుట్టుకుంది. ముక్కు మూసుకుందామంటే రెండు చేతులూ పొదుగు దగ్గర కావాలాయె!

బర్రె తల తిప్పి ఆ పిల్లను వాసన చూసింది. నెమ్మదిగా చేపింది.

కనుక సెంటును తిట్టకండి. ఎంత మేలు చేసిందో చూశారుగా! లిఖిత ప్రభావతి బిడ్డేనని ఒప్పుకోవడానికి బర్రెకు ఒక పాత చీర చాలింది. ప్రభావతి తన తల్లేనని కాలేజీలో ఒప్పుకోవడానికి మా అమ్మాయికి మాత్రం సీసా మొత్తం పట్టింది.